కోబేకి ఒక్క పూట చాలన్నారు, నాకు రెండు రోజులూ చాలలేదు

భీమిలి_గాలి
జపాన్ వెళ్ళే ముందు ఈ వేదికలోనే సలహా అడిగాను, కొందరికి గుర్తుండే ఉంటుంది. కోబే పేరెత్తగానే అందరిదీ ఒకటే మాట. "ఒక్క పూట చాలు, ఎర్ర టవర్ దగ్గర ఫోటో దిగి సాయంత్రానికి ఒసాకా వచ్చెయ్" అన్నారు. మొన్ననే విశాఖ చేరాను. ఆ సలహా ఇచ్చినవాళ్ళతో కాస్త గొడవ పెట్టుకుందామనే ఇది రాస్తున్నాను.

సాన్నోమియా స్టేషన్‌లో దిగి దక్షిణం వైపు నడిస్తే పాతిక నిమిషాల్లో సముద్రం వచ్చేసింది. వెనక్కి తిరిగి చూస్తే ఊరి నెత్తి మీదే పచ్చటి కొండలు. నాకు ప్రాణం లేచొచ్చింది, మా ఊరే ఇంకొంచెం శుభ్రంగా తుడిచి పెట్టినట్టుంది. పోర్ట్ టవర్ బాగుంది. 1963 నాటిదట, 108 మీటర్లు, నడుం సన్నగా ఉండి డమరుకాన్ని నిలబెట్టినట్టు ఉంటుంది. దాని కింద మెరికెన్ పార్క్‌లో తెల్లటి పెద్ద అక్షరాలు, ఫోటోల కోసం క్యూ, పిల్లలు, ఐస్‌క్రీములు. ఇదంతా ఎవరైనా చెప్తారు.

అదే పార్క్‌లో తూర్పు అంచున ఇంకొకటి ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు. 1995 భూకంపంలో విరిగిన రేవు గోడని సుమారు 60 మీటర్ల మేర ముట్టుకోకుండా అలాగే వదిలేశారు. కాంక్రీటు నేల పలకలు పలకలుగా విడిపోయి ఉంది. ఒక పలక పైకి లేచింది, పక్కది నీళ్ళలోకి వాలిపోయింది. దీపస్తంభాలు తలో వైపుకి ఒరిగి అలాగే ఆగిపోయాయి. పగుళ్ళలోకి అల వచ్చినప్పుడల్లా లోపలెక్కడో గుడగుడమని చప్పుడు. అంచుల మీద పచ్చటి నాచు పట్టింది. నేను రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాను. మా ఆయన రెండుసార్లు పిలిచాడు, కదల్లేకపోయాను. వెనక ఇరవై అడుగుల దూరంలో పిల్లల నవ్వులు వినిపిస్తున్నాయి.

ఆ రాత్రి ఒసాకా వెళ్ళకుండా అక్కడే గది తీసుకున్నాం. మర్నాడు మళ్ళీ వెళ్ళి చూశాను. అడగాలనుకున్నది ఇదే. ఈ ఊరి గురించి ఇంత తెలిసినవాళ్ళు ఇక్కడున్నారు కదా, ఎందుకు ఎవరూ చెప్పలేదు? నేను చూడకుండా వదిలేసినవి ఇంకేమున్నాయి?

ఒసాకా_శీను
ఆ సలహా ఇచ్చినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. మీరు పది రోజులకి వచ్చారు. క్యోటో, నారా, హిమేజీ కోట అన్నీ చుట్టుపక్కలే ఉన్నాయి. వాటి ముందు కోబే ఒక మామూలు కొత్త నగరం. కిటానోలో పాత తెల్లవాళ్ళ ఇళ్ళున్నాయి, ఇంటింటికీ టికెట్టు. నన్‌కిన్‌మాచి అనే చైనా వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగు నిమిషాలు. మిగిలింది షాపింగ్. ఒసాకా నుంచి స్పీడు రైల్లో 20 నిమిషాలే కాబట్టి ఒక్క పూట అన్నాను. తొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉండి, వచ్చే చుట్టాలందరినీ తిప్పి చెప్తున్న మాట ఇది.

పల్నాడు_కారం
కోబే అంటే నాకు తెలిసింది బాస్కెట్‌బాల్ ఆటగాడే. ఆయన తల్లిదండ్రులు హోటల్ మెనూలో కోబే మాంసం పేరు చూసి పెట్టారట.

కోబే_కోడలు
పన్నెండేళ్ళ క్రితం పెళ్ళై ఈ ఊరొచ్చాను. మావారిది ఇక్కడి కుటుంబమే. శీను గారూ, మీరు చెప్పినవాటిలో తప్పేమీ లేదు. కానీ పూటలో చూడగలిగేది ఊరి ముఖమే. ఈ ఊరిని ఇళ్ళలోకి వెళ్ళి చూడాలి.

మా అత్తగారిల్లు నదా వార్డులో. కొత్త కోడలిగా వెళ్ళిన మొదటి వారం ఒక తప్పు చేశాను. రాత్రి అందరి స్నానాలూ అయ్యాక తొట్టిలో నీళ్ళు వదిలేసి శుభ్రంగా కడిగి పెట్టాను, మంచి పని చేశాననుకున్నాను. పొద్దున్నే ఆవిడ చూసి ఏమీ అనలేదు, మౌనంగా మళ్ళీ నింపారు. తర్వాత మావారు చెప్పారు. 1995 జనవరి 17 తర్వాత ఆ ఇంట్లో తొట్టి ఎప్పుడూ ఖాళీగా ఉండదు. కుళాయిలు పనిచేయని ఆ వారాల్లో మరుగుదొడ్డికి పోయడానికి కూడా చెరువు నుంచి బకెట్లతో మోశారట. ఇప్పుడు మా ఇంట్లో నేనూ మర్నాడు స్నానం వేళ దాకా నీళ్ళు వదలను.

భీమిలి_గాలి గారూ, మళ్ళీ వస్తే హాట్ కోబే అనే చోట భూకంప మ్యూజియం ఉంది, 2002లో కట్టారు. అక్కడ ఆ రోజు బతికి బయటపడినవాళ్ళే వాలంటీర్లుగా వచ్చి తమ కథ చెప్తారు. వయసు మీద పడిన మనుషులు. వాళ్ళు ఉన్నప్పుడే వినాలి.

భీమిలి_గాలి
కోడలు గారూ, ఆ తొట్టి మాట చదివి వంటింట్లో పొయ్యి కట్టేసి కూర్చున్నాను. హుద్‌హుద్ వచ్చినప్పుడు, అదే 2014 అక్టోబరు 12న, మాకూ కరెంటు లేదు, నీళ్ళు లేవు. ట్యాంకర్ దగ్గర బిందెలతో తోసుకున్నాం. ఏడాది తిరిగేసరికి అందరం మర్చిపోయాం. నా మటుకు నాకు ఒక్క అలవాటు కూడా మిగల్లేదు.

చీఫ్_ఇంజనీర్_రిటైర్డ్
ఈ చర్చ చూశాక ఊరుకోలేకపోతున్నాను. ముప్పై నాలుగేళ్ళు ఓడల్లో ఇంజన్ గదుల్లో పనిచేశాను. కోబేకి లెక్కలేనన్నిసార్లు వెళ్ళాను కానీ రెండు మాత్రం మనసులో నిలిచాయి.

మొదటిది 1993లో. అప్పట్లో కోబే అంటే ప్రపంచంలోని పెద్ద కంటెయినర్ రేవుల్లో ఆరోదో ఏదో. క్రేన్లు వరసగా, రాత్రీ పగలూ ఆగేవి కావు. మా కంపెనీ ఏజెంటు ఒకాయన, యాభై ఏళ్ళుంటాయి, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు తెచ్చి ఇచ్చేవాడు. నల్ల సూటు, అద్దంలా మెరిసే తోలు బూట్లు. ఓడ నిచ్చెన ఎక్కాక ఆ బూట్లకి గ్రీజు అంటిందేమోనని ఒకసారి వంగి చూసుకునేవాడు. ఆ వంగడం నాకు బాగా గుర్తు.

రెండోది 1996 వేసవిలో. సగం రేవు ఇంకా మరమ్మత్తులోనే ఉంది. ఆయనే వచ్చాడు. అదే నల్ల సూటు, కాళ్ళకి మాత్రం గుడ్డ బూట్లు, మడమ అరిగినవి. నేను కిందికి చూడటం గమనించాడు. తనే చెప్పాడు. తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలకి మంచం మీద నుంచి ఎగిరి పడ్డాడట. నేలంతా గాజు పెంకులు, చీకటి. ఉత్త కాళ్ళతోనే భార్యని మోసుకుని బయటికి వచ్చాడు. అరికాళ్ళు కోసుకుపోయాయి. ఆ తర్వాత గట్టి బూట్లు తొడుక్కోలేకపోయాడు. వాళ్ళది నగాతా వార్డు, ఇల్లు మంటల్లో పోయింది. ఇదంతా సరుకు కాగితాల మీద సంతకాలు పెట్టిస్తూనే చెప్పాడు. వెళ్తూ వెళ్తూ మా వంటవాడికి ఒక పెట్టె బిస్కట్లు ఇచ్చి పోయాడు.

అందుకే శీను గారూ, నాకు ఆ ఊరు మామూలు ఊరు కాదు.

ఒసాకా_శీను
సార్, మీరు రాసినదానికి బదులు చెప్పే ధైర్యం లేదు. మీరు చెప్పేది మనుషుల గురించి. నేను చెప్పింది నాలుగు రోజుల సెలవు మీద వచ్చేవాళ్ళ గురించి. ఆ తేడా ఒక్కటి గమనించండి.

కోబే_కోడలు
సార్, ఇప్పటికీ ఇక్కడ చాలామంది మంచం పక్కన చెప్పులో బూట్లో పెట్టుకునే పడుకుంటారు. మా పిల్లలకి స్కూల్లో అదే నేర్పారు.

పప్పన్నం
మధ్యలో అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. నేను శాకాహారిని. కోబే అంటే ఎక్కడ చూసినా మాంసం బొమ్మలే. తిండి దొరుకుతుందా?

పత్తర్‌గట్టి_బిడ్డ
పప్పన్నం గారూ, జపాన్ మొత్తంలో మీకు ఇబ్బంది తక్కువుండే ఊళ్ళలో కోబే ఒకటి. కారణం చెప్తాను, అది మా వృత్తికి సంబంధించిందే.

మాది ముత్యాల వ్యాపారం, చార్మినార్ దగ్గర మూడు తరాలుగా కొట్టు ఉంది. హైదరాబాద్‌ని ముత్యాల నగరం అంటారు. జపాన్‌లో ఆ పేరు కోబేది. చుట్టుపక్కల సముద్రాల్లో పండిన అకోయా ముత్యాలు రంగు, మెరుపు చూసి విడదీయడానికి, దండ కట్టడానికి ఇక్కడికే చేరతాయి. ఎందుకిక్కడికే అంటే, రొక్కో కొండల మీద నుంచి వచ్చే ఉత్తరపు వెలుగు మెత్తగా ఉంటుంది, ముత్యం రంగు తప్పు చెప్పదు అంటారు అక్కడివాళ్ళు. మా నాన్న కూడా ఎండ ముఖం మీద పడే చోట కూర్చుని ముత్యం కొనొద్దనేవాడు. కోబేలో ఒక కొట్లో ఉత్తరం కిటికీ పక్కన తెల్ల గుడ్డ పరిచి ఒక ముసలామె చిమటాతో గింజలు వేరు చేస్తుంటే చూశాను. ఒక గింజ తీసి, తిప్పి, మళ్ళీ అదే కుప్పలో వేసింది. పది క్షణాలాగి మళ్ళీ అదే గింజ తీసింది. ఈసారి పక్క కుప్పలో పెట్టింది. మా నాన్న అచ్చం ఇట్లనే చేసేవాడు.

ఆ వ్యాపారం వల్లే జైన కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. కిటానోలో పాలరాతి జైన దేవాలయం ఉంది, 1985లో కట్టారు. అంతకు చాలా ముందే సింధీలు, గుజరాతీలు బట్టల వ్యాపారానికి వచ్చారు. 1923 కాంటో భూకంపం తర్వాత యోకొహామా నుంచి మనవాళ్ళు చాలామంది కోబేకి మారారు. కాబట్టి సాన్నోమియా, కిటానోల్లో మన హోటళ్ళు ఉన్నాయి, ఉల్లి వెల్లుల్లి లేకుండా కూడా అడగొచ్చు. జపాన్ హోటళ్ళలో మాత్రం జాగ్రత్త. కూరగాయల సూప్ అన్నా అందులో దాషి అని చేపల రసం ఉంటుంది, ముందే అడగాలి.

భీమిలి_గాలి
అయ్యో, ఆ గుడి ముందు నుంచే వెళ్ళాను, గేటు వేసి ఉంటే ఎవరిదో పెద్దిల్లు అనుకున్నాను! దాని కింద మసీదు మాత్రం చూశాం.

పత్తర్‌గట్టి_బిడ్డ
ఆ మసీదు జపాన్‌లోనే మొట్టమొదటిది, 1935ది. కట్టడానికి మన దేశపు వ్యాపారులు కూడా చందాలిచ్చారు. 1945 బాంబులకీ నిలబడింది, 1995 భూకంపానికీ నిలబడింది. నేను వెళ్ళినప్పుడల్లా అక్కడ నమాజ్ చదువుకుంటాను.

వరంగల్_వాణి
చుట్టూ ఇళ్ళు కూలితే అదొక్కటి ఎలా నిలబడింది?

కాంక్రీట్_కుర్రాడు
సివిల్ వాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. మసీదు సంగతి వేరే, గట్టి రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటుతో కట్టారు. 1995లో మనుషులు ఎక్కువగా చనిపోయింది పాత చెక్క ఇళ్ళలో. గోడలు పల్చన, పైకప్పు మీద బరువైన పెంకులు. మన పాత పెంకుటిళ్ళే ఊహించుకోండి, కింద మాత్రం సన్నటి చెక్క స్తంభాలు. తెల్లవారుజాము, అందరూ నిద్రలో ఉన్నారు. పైకప్పు సరాసరి మీద పడింది. మొత్తం చనిపోయినవాళ్ళు 6,434 మంది. 1981లో జపాన్ భవన నిబంధనలు మార్చింది. ఆ తర్వాత కట్టినవి చాలావరకు తట్టుకున్నాయి, ముందువి దెబ్బతిన్నాయి. మాకు కాలేజీలో ఈ ఒక్క ఉదాహరణ మీద నాలుగు క్లాసులు చెప్పారు. హన్‌షిన్ ఎక్స్‌ప్రెస్ వే అయితే 635 మీటర్ల పొడవున పక్కకి పడుకుండిపోయింది. ఆ ఫోటో మీరంతా చూసే ఉంటారు.

ఇక రేవు సంగతి. కోబేలో సముద్రం మీదున్న నేల చాలావరకు మనుషులు చేసిందే. పోర్ట్ ఐలాండ్ అనే దీవి 1966 నుంచి 1981 దాకా కట్టారు. మట్టి కోసం ఊరి పడమట సుమా వైపు కొండల్ని తవ్వారు. లారీల్లో తెస్తే ఊరంతా దుమ్ము, ట్రాఫిక్. అందుకని భూమి కింద సొరంగంలో కన్వేయర్ బెల్టు వేసి కొండని సముద్రం దాకా పంపారు, అక్కడి నుంచి బార్జీల్లో. తవ్విన చోట చదునైన నేల మీద ఇళ్ళు కట్టారు, పోసిన చోట రేవు కట్టారు. ఒక్క తవ్వకంతో రెండు ఊళ్ళు! "కొండ సముద్రానికి వెళ్ళింది" అని అక్కడ ఒక మాటే ఉంది.

కానీ పోసిన మట్టి పోసిన మట్టే. కంపించినప్పుడు నీటితో నిండిన ఆ నేల చిక్కటి బురదనీళ్ళలా అయిపోయింది. దీన్నే లిక్విఫాక్షన్ అంటాం. రేవు గోడలు సముద్రం వైపు మీటర్ల కొద్దీ జరిగిపోయాయి. మీరు మెరికెన్ పార్క్‌లో చూసిన ఆ ఒరిగిన స్తంభాలు అందుకే. గాలికి ఒరిగినవి కావు, కింద నేలే కదిలిపోయింది.

భీమిలి_గాలి
ఇప్పుడర్థమైంది. పలకలన్నీ ఒకే దిక్కుకి, నీళ్ళ వైపుకే జారినట్టు ఎందుకున్నాయా అని ఇంటికొచ్చాక కూడా ఫోటోలు పెద్దవి చేసి చూశాను.

చీఫ్_ఇంజనీర్_రిటైర్డ్
కన్వేయర్ బెల్టు అంటే గుర్తొచ్చింది. విశాఖ వాళ్ళకి ఇది తెలియాలి. అరకు రైలెక్కి సొరంగాలు లెక్కపెట్టే పిల్లలకి ఎవరూ చెప్పరు, ఆ కొత్తవలస-కిరండూల్ లైను వేసిందే జపాన్‌కి బైలదిల్లా ఇనుప ఖనిజం పంపడానికి. 1960లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. విశాఖ ఔటర్ హార్బర్‌లో బెల్టు మీద ఎర్ర మట్టి ఓడలోకి దిగుతుంటే మేం డెక్ మీద ముక్కుకి గుడ్డ కట్టుకుని నిలబడేవాళ్ళం. జపాన్ రేవుల్లో దింపేవాళ్ళం. జపాన్ వాడు కట్టుకున్న వంతెనల్లో, క్రేన్లలో మన కొండ ముక్క కూడా ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది.

పల్నాడు_కారం
అయితే వాళ్ళ కొండా సముద్రానికే వెళ్ళింది, మన కొండా సముద్రానికే వెళ్ళింది.

చీఫ్_ఇంజనీర్_రిటైర్డ్
ఇంకొక మాట. కోబేలో ఓడకి మంచినీళ్ళు నింపుకోవడమంటే నావికులకి పండగ. రొక్కో కొండల నీళ్ళు, భూమధ్యరేఖ దాటినా చెడవు అని పాతకాలం నావికులు చెప్పుకునేవారు. నునోబికి జలపాతం పైన 1900లో కట్టిన డ్యామ్ ఇప్పటికీ ఉంది. షింకోబే స్టేషన్ వెనక నుంచి నడిచి వెళ్ళొచ్చు. బుల్లెట్ రైలు దిగిన పావుగంటకే జలపాతం ఉన్న ఊరు ఇంకెక్కడైనా ఉందా?

ఒసాకా_శీను
సార్, జలపాతం సంగతి మాత్రం నేను ఒప్పుకుంటాను. స్టేషన్ వెనకే ఉందని నాకు మూడేళ్ళ దాకా తెలియదు.

వరంగల్_వాణి
నేను అమ్మానాన్నలతో జనవరిలో వెళ్తున్నాను. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. ఈ చర్చ చదివాక రెండు రాత్రులు కోబేలోనే ఉందామనుకుంటున్నాం. దారి తప్పుతామేమోనని టెన్షన్. నాకు జపనీస్ అక్షరం ముక్క రాదు.

కోబే_కోడలు
వాణి గారూ, ప్రపంచంలో దారి తప్పడం కష్టమైన ఊరేదైనా ఉంటే ఇదే. కొండలు ఉత్తరం, సముద్రం దక్షిణం, మధ్యలో ఊరు సన్నటి పట్టీలా తూర్పు పడమరగా సాగుతుంది. ఇక్కడివాళ్ళు దారి చెప్పేటప్పుడు ఉత్తరం దక్షిణం అనరు, కొండ వైపు, సముద్రం వైపు అంటారు. పెద్ద షాపుల్లో కూడా "కొండ వైపు", "సముద్రం వైపు" అని బోర్డులుంటాయి. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు ఇండియా వచ్చినా ఏ ఊళ్ళో దిగినా కొండ ఏ వైపుందా అని వెతుక్కుంటున్నాను.

కన్సాయ్ ఎయిర్‌పోర్ట్‌లో దిగితే రైలు వద్దు, అక్కడి నుంచి కోబే ఎయిర్‌పోర్ట్‌కి పడవ ఉంది, అరగంట ప్రయాణం. సముద్రం మీద నుంచి ఊరి ముఖం చూస్తూ రావచ్చు. అక్కడి నుంచి డ్రైవర్ లేని పోర్ట్‌లైనర్ రైలు 20 నిమిషాల్లోపే సాన్నోమియాలో దింపుతుంది. 1981 నుంచి అలాగే డ్రైవర్ లేకుండా నడుస్తోంది. ముందు సీట్లో నాన్నగారిని కూర్చోబెట్టండి.

భీమిలి_గాలి
ముందు సీటు మాట నిజం. మా ఆయన చిన్నపిల్లాడిలా అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్నాడు. ఎదురుగా నీళ్ళు, క్రేన్లు, వాటి వెనక కొండలు.

దివి_తీరం
ఇంతవరకూ చదువుతూ వచ్చాను. మాది దివిసీమ. 1977 నవంబరు 19న నాకు ఏడేళ్ళు. నేను మా మేనమామ గారి ఊళ్ళో ఉన్నాను కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. మా ఊళ్ళో ఇల్లు లేదు, అమ్మ లేదు, చెల్లి లేదు.

మా వైపు స్మారక స్తూపం ఉంది. ఏడాదికోసారి దండలు వేస్తారు. అది మంచిదే, తప్పు పట్టడం లేదు. కానీ ఉప్పెన ఎంత ఎత్తున వచ్చిందో చూపించడానికి ఒక్క గోడ మీద గీతైనా ఉంచితే బాగుండేదని నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. మా పిల్లలకి చెప్తే చెట్టంత ఎత్తా అని నవ్వుతారు, నమ్మరు. భీమిలి_గాలి గారూ, ఆ విరిగిన రేవు ఫోటో ఉంటే ఇక్కడ పెట్టండి. మా అబ్బాయికి చూపిస్తాను.

భీమిలి_గాలి
దివి_తీరం గారూ, మూడు ఫోటోలు మీకు విడిగా పంపాను. రెండోదాంట్లో మా ఆయన రెయిలింగ్ దగ్గర నిలబడ్డాడు. ఆయన ఎత్తుతో పోలిస్తే పలక ఎంత లేచిందో తెలుస్తుంది. ఏం చెప్పాలో తెలియక ఇంతే రాస్తున్నాను.

కోబే_కోడలు
దివి_తీరం గారూ, మా ఊరి మధ్యలో హిగాషి యూయెంచి అనే పార్క్ ఉంది. అక్కడ నేల కింద ఒక చిన్న గది, గోడల మీద చనిపోయినవాళ్ళ పేర్లు. మావారి బాబాయి పేరు అక్కడుంది. ఏటా వెళ్ళి ఆ పేరు మీద వేలు పెట్టి వస్తాం. మీ అమ్మగారి పేరూ, చెల్లి పేరూ ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని కోరుకుంటున్నాను.

దివి_తీరం
మా ఇంటి దూలం మీద నేనే రాశానమ్మా. 1986లో కొత్త ఇల్లు కట్టినప్పుడు.

కాంక్రీట్_కుర్రాడు
గీత సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు సార్. మా ఆఫీసులో తీరం మీద కట్టే షెల్టర్ల పని చూస్తాను. ఈసారి డ్రాయింగ్‌లో గోడ మీద ఆ గీత అడుగుతాను. ఖర్చు ఒక డబ్బా పెయింటే.

పప్పన్నం
అకాషి వంతెన ఎవరూ ఎత్తలేదేంటి? ఆ వంతెన చూడటానికే మా తమ్ముడు వెళ్ళాలంటున్నాడు.

కాంక్రీట్_కుర్రాడు
దాని మీద రాయడం మొదలెడితే ఆపలేనని ఆగాను. భూకంపం వచ్చేటప్పటికి రెండు పెద్ద టవర్లూ లేచి ఉన్నాయి, రోడ్డు పలక ఇంకా వేలాడదీయలేదు. టవర్లకి ఏమీ కాలేదు కానీ కింద భూమే జరిగింది. మధ్య దూరం 1,990 మీటర్లని గీసుకున్నారు, చివరికి 1,991 అయింది. కొత్త కొలతకి తగ్గట్టు మిగతాది సర్దుకుని 1998 ఏప్రిల్‌లో తెరిచారు. 2022లో టర్కీ వంతెన వచ్చేదాకా ప్రపంచంలో అదే పొడవైన సస్పెన్షన్ స్పాన్, అంటే వేలాడే వంతెనల్లో రెండు టవర్ల మధ్య దూరం. మైకో స్టేషన్‌లో దిగితే వంతెన కడుపులోకి వెళ్ళొచ్చు. కాళ్ళ కింద గాజు పలక, దాని కింద సముద్రం, 47 మీటర్ల లోతున. మీ తమ్ముడిని ఆ ఒక్క మీటరు తలుచుకుంటూ నడవమనండి.

ఒసాకా_శీను
నిన్న శనివారం కదా, ఎవరికీ చెప్పకుండా ఒక్కణ్ణే మెరికెన్ పార్క్‌కి వెళ్ళాను. ఇన్నేళ్ళలో కనీసం పాతికసార్లు చుట్టాల్ని అక్కడికి తీసుకెళ్ళాను. ఆ రెయిలింగ్ పక్క నుంచే నడిచాను. మరమ్మత్తు జరుగుతోంది, అందుకే అడ్డం కట్టారు అనుకునేవాణ్ణి. నిన్న బోర్డు చదివాను. కిటానో టికెట్ల మీద నా అభిప్రాయం మారలేదు, అది వేరే విషయం. కానీ ఈ ఒక్కటి చెప్పకుండా అంతమందిని తిప్పి పంపానని బాధగా ఉంది. భీమిలి_గాలి గారూ, మీకు సలహా ఇచ్చినప్పుడు నాకు నిజంగానే తెలియదు.

భీమిలి_గాలి
శీను గారూ, మీరు రైలు కార్డు, టైమింగులు అన్నీ అంత ఓపిగ్గా చెప్పబట్టే మేం అక్కడి దాకా వెళ్ళగలిగాం. గొడవ ఇక్కడితో అయిపోయింది.

వరంగల్_వాణి
మా టికెట్లు వచ్చేశాయి, జనవరి 15 నుంచి 18 దాకా కోబేలోనే. కోడలు గారూ, 17 తెల్లవారుజామున మీరు చెప్పిన హిగాషి యూయెంచి పార్క్‌లో ఏదో జరుగుతుందని చదివాను. బయటివాళ్ళం రావచ్చా? మేం వెళ్ళి చూడటం వాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందేమోనని అమ్మ సందేహం.

కోబే_కోడలు
తప్పకుండా రావచ్చు. వెదురు బొంగుల్లో, కాగితపు లాంతర్లలో వేలకొద్దీ దీపాలు పెడతారు. 5 గంటల 46 నిమిషాలకి అందరూ తలవంచి నిలబడతారు, ఎవరూ మాట్లాడరు. దీపం వెలిగించడానికి మీకూ కొవ్వొత్తి ఇస్తారు, మొహమాటపడకండి. ఫోటోలు మాత్రం ఏడుస్తున్నవాళ్ళ ముఖాలకి దగ్గరగా తీయొద్దు.

రాత్రి సాన్నోమియాలోనే ఉండండి, అక్కడి నుంచి నడక దూరమే, నేల చదును, నాన్నగారి మోకాళ్ళకి ఇబ్బంది లేదు. కిటానో వాలు మాత్రం ఎక్కించకండి, దానికి లూప్ బస్సు ఉంది. చలి బాగా కొరుకుతుంది, అమ్మగారికి చెవులకి మఫ్లర్, చేతులకి గ్లవుజులు. నేనూ అత్తగారూ ఐదింటికల్లా అక్కడుంటాం. ఫ్లాస్క్‌లో అల్లం టీ తెస్తాను, మీ ముగ్గురికీ కలిపే.